యూనిట్లు రెట్టింపైతే కరెంటు బిల్లు అంతకు మించి ఎందుకు పెరుగుతుంది?

ప్రశ్న: మాది తిరుపతి, భవానీ నగర్. కింద మేము నలుగురం, మిద్దె మీద పోర్షన్‌లో అద్దెకు ఇద్దరు. అందరికీ కలిపి ఒకటే మీటరు, 3 కిలోవాట్ల లోడు. మార్చి బిల్లు 214 యూనిట్లకు 1,170 రూపాయలు వచ్చింది. మే బిల్లు 428 యూనిట్లకు 3,060 వచ్చింది. వాడింది సరిగ్గా రెట్టింపే కదా, 2,340 రావాలి గానీ ఇంత ఎందుకొచ్చింది? మీటరు పరుగెడుతోందని మావారు అంటున్నారు, ఏప్రిల్‌లో పెట్టించిన ఏసీయే కారణమని నేనంటున్నాను. ఎనర్జీ చార్జీ కింద ఇంకా నాలుగైదు పద్దులు ఉన్నాయి, అవేమిటి? మిద్దె మీదకు వేరే మీటరు పెట్టిస్తే లాభం ఉంటుందా? ప్లగ్గులో పెడితే బిల్లు సగమవుతుందని ఒకరు చిన్న పెట్టె అమ్మడానికి వచ్చారు. తీసుకోమంటారా?
— ఒక గృహిణి, తిరుపతి

జవాబు: పెట్టె సంగతి ముందు తేల్చేద్దాం. తీసుకోకండి. అందులో ఉండేది ఒక చిన్న కెపాసిటర్, ఒక ఎల్‌ఈడీ బల్బు. కెపాసిటర్ పవర్ ఫ్యాక్టర్‌ను, అంటే లైన్‌లోంచి లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వాటాను, సరిచేస్తుందన్న మాట నిజమే. అది కేవీఏహెచ్ లెక్కన, అంటే లాగిన మొత్తం మీద, బిల్లు కట్టే ఫ్యాక్టరీలకు పనికొస్తుంది. ఇంటి మీటరుకు బిల్లు వేసేది కేడబ్ల్యూహెచ్ మీద, అంటే నిజంగా ఖర్చయిన యూనిట్ల మీద. పవర్ ఫ్యాక్టర్ ఎంతున్నా ఆ అంకె మారదు. పైగా ఆ బల్బు వెలగడానికి కాస్త కరెంటు మీరే కట్టాలి.

ఇక అసలు విషయం. ఇంటి కరెంటుకు ఒకే రేటు ఉండదు. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి గృహ వినియోగానికి ఆరు స్లాబులు ఉన్నాయి. నెలలో మొదటి 30 యూనిట్లు ఒక్కొక్కటి 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు. 76 నుంచి 125 వరకు 4 రూపాయల 50 పైసలు. 126 నుంచి 225 వరకు 6 రూపాయలు. 226 నుంచి 400 వరకు 8 రూపాయల 75 పైసలు. 400 దాటాక ప్రతి యూనిట్‌కూ 9 రూపాయల 75 పైసలు. తిరుపతి, చిత్తూరు, కుప్పం, శ్రీకాళహస్తి అని తేడా లేదు, రాష్ట్రమంతా ఇవే రేట్లు.

ఈ రేట్లతో మీ బిల్లును మీరే వేసుకోవచ్చు. మార్చిలో 214 యూనిట్లు: మొదటి 30కి 57 రూపాయలు, తరువాతి 45కి 135, ఆ తరువాతి 50కి 225, మిగిలిన 89కి ఆరేసి చొప్పున 534. మొత్తం 951. మేలో 428 యూనిట్లు: 225 యూనిట్ల దాకా 1,017 రూపాయలు, తరువాతి 175కి 8.75 చొప్పున 1,531.25, ఆపైన 28కి 9.75 చొప్పున 273. మొత్తం 2,821.25. యూనిట్లు రెట్టింపైతే ఎనర్జీ చార్జీ, అంటే ఈ యూనిట్ల ధర, దాదాపు మూడింతలైంది. మార్చిలో మీకు యూనిట్ సగటున 4 రూపాయల 44 పైసలకు పడింది. మేలో అదనంగా వాడిన 214 యూనిట్లు మాత్రం ఒక్కొక్కటి 8 రూపాయల 74 పైసలకు పడ్డాయి. ఏసీ కరెంటంతా ఆ పై స్లాబులోనే కూర్చుంది. లెక్కలో తప్పేమీ లేదు.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. 225 దాటి 226వ యూనిట్ పడితే మొత్తం యూనిట్లకూ పెద్ద రేటు పడిపోతుందని భయపడి, నెలాఖరున ఫ్యాన్లు కూడా ఆపేసేవాళ్లు ఉన్నారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2022కు ముందు వినియోగాన్ని బట్టి ఏ, బీ, సీ అని గ్రూపులు ఉండేవి, గ్రూపు మారితే కింది యూనిట్ల రేటు కూడా మారిపోయేది. ఇప్పుడు అలా లేదు. 226వ యూనిట్‌కు మాత్రమే 8.75 పడుతుంది, కింది 225 యూనిట్ల రేటు కదలదు. ఒక యూనిట్ దాటినందుకు వచ్చే నష్టం మూడు రూపాయల లోపే.

ఎనర్జీ చార్జీ కింద ఉన్న పద్దుల్లో మొదటిది ఫిక్స్‌డ్ చార్జీ. కిలోవాట్‌కు నెలకు 10 రూపాయలు. మీ లోడు 3 కిలోవాట్లు కాబట్టి 30. ఇల్లు తాళం వేసి ఊరెళ్లినా ఇది పడుతుంది. రెండోది కస్టమర్ చార్జీ, అంటే మీటరు, రీడింగ్, బిల్లు వంటి సేవలకు. యూనిట్లను బట్టి కొద్దిగా మారుతుంది గానీ పదుల రూపాయల్లోనే ఉంటుంది. మూడోది విద్యుత్ సుంకం. ఇది కరెంటు సంస్థకు కాదు, రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్తుంది. ఇళ్లకు యూనిట్‌కు 6 పైసలు. మీకు మార్చిలో 12.84, మేలో 25.68.

అన్నిటికంటే ఎక్కువ చికాకు తెప్పించేది ఎఫ్‌పీపీసీఏ. ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు అన్నమాట. టారిఫ్ ఖరారు చేసేటప్పుడు, ఏడాది పొడవునా కరెంటు ఎంతకు కొనాల్సి వస్తుందో డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, ముందే అంచనా వేస్తాయి. బొగ్గు ధర పెరిగినా, ఎండాకాలం బయటి మార్కెట్‌లో ఎక్కువ ధరకు కొనాల్సి వచ్చినా ఆ తేడా ఇలా వసూలవుతుంది. 2023 నుంచి ఇది నెలనెలా పడుతోంది. విద్యుత్ నియంత్రణ మండలిని ప్రతిసారీ అడగకుండా డిస్కంలు వేసుకోగలిగిన గరిష్ఠం యూనిట్‌కు 40 పైసలు. అంతకు మించిన ఖర్చు ఉంటే ఏడాది చివర లెక్క తేల్చి, మండలి అనుమతితో విడిగా వసూలు చేస్తారు. దాన్ని ట్రూ అప్ అంటారు. 2022-23కు సంబంధించి 6,072.86 కోట్లు, 2023-24కు సంబంధించి 9,412.50 కోట్లు అలా వచ్చినవే. రెండూ 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లోకి ఎక్కాయి, మొదటిది 15 నెలలు, రెండోది 24 నెలలు. ఒక్కోసారి లెక్క తిరగబడుతుంది కూడా: 2024-25 సర్దుబాటు కింద 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసలు వినియోగదారుకే వెనక్కి ఇవ్వాలని మండలి ఆదేశించింది. దాన్ని ట్రూ డౌన్ అంటారు.

ఈ సర్దుబాటు ఈ నెల యూనిట్ల మీద కాదు, వెనకటి నెల యూనిట్ల మీద పడుతుంది. నెలవారీ ఎఫ్‌పీపీసీఏ రెండు నెలలు ఆలస్యంగా వస్తుంది. మేలో మీరు వాడిన 428 యూనిట్లకు 40 పైసల చొప్పున 171 రూపాయల 20 పైసలు జూలై బిల్లులో కనిపిస్తుంది. అప్పటికి వానలు మొదలై ఏసీ ఆపేసి ఉంటారు, యూనిట్లు తగ్గి ఉంటాయి, అయినా ఆ పద్దు పెరిగి ఉంటుంది. అప్పుడు మళ్లీ మీటరును అనుమానించకండి. పాత ఏడాదుల ట్రూ అప్ అయితే ఆ సర్వీసు నంబరు మీద ఆనాడు వాడిన యూనిట్లను బట్టి పడుతుంది. అందుకే కొత్తగా అద్దెకు దిగినవాళ్లు తమకంటే ముందున్నవాళ్ల వాడకానికి కట్టాల్సి వస్తోంది. ఇది అన్యాయంగానే ఉంది. అద్దె ఒప్పందంలోనే "పాత సర్దుబాట్లు ఇంటి యజమానివి" అని ఒక మాట రాసుకుంటే గొడవ ఉండదు.

మీ బిల్లుల్లో ఈ సర్దుబాట్ల వాటా ఎంతో చూద్దాం. మార్చి 1,170లో ఎనర్జీ, ఫిక్స్‌డ్, సుంకం కలిపి 993.84 తీసేస్తే 176 మిగులుతుంది. మే 3,060లో 2,876.93 తీసేస్తే 183 మిగులుతుంది. కస్టమర్ చార్జీ, సర్దుబాట్లు ఈ మిగులులోనే ఉన్నాయి. రెండు నెలల్లోనూ ఇంచుమించు ఒకటే. కాబట్టి బిల్లు పెరిగింది సర్దుబాట్ల వల్ల కాదు, స్లాబుల వల్ల. ఫోన్ యాప్‌లో కట్టేటప్పుడు మొత్తం ఒక్కటే కనిపిస్తుంది. పద్దులన్నీ చూడాలంటే స్పాట్ బిల్లు కాగితం దాచుకోవాలి, లేదా మీ డిస్కం ఏపీఎస్పీడీసీఎల్ వెబ్‌సైటులో 13 అంకెల సర్వీసు నంబరు కొట్టి చూసుకోవాలి. ఆ కాగితం మీది సిరా ఎండకు వెలిసిపోతుంది గనక ఇంటికి రాగానే ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంతకీ ఆ 214 యూనిట్లు ఎక్కడికి పోయాయి? మీ ఊహ సరైనదే. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ, మూడు నక్షత్రాలది, తిరుపతి ఎండాకాలంలో గంటకు సగటున ముప్పావు యూనిట్ తీసుకుంటుందనుకోండి. రోజుకు 9 గంటలు, 30 రోజులు: 202 యూనిట్లు. ఫ్రిజ్ కంప్రెసర్ వేసవిలో ఎక్కువసేపు తిరుగుతుంది, ఫ్యాన్లు ఇంకో రెండు గంటలు ఎక్కువ తిరుగుతాయి. దాంతో లెక్క సరిపోతుంది. ఏసీ లేబుల్ మీద ఏడాది యూనిట్లు అని ఒక అంకె ఉంటుంది. అది 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. దాన్ని 1,600తో భాగిస్తే గంట సగటు తెలుస్తుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో దానికి కాస్త ఎక్కువే అనుకోవాలి, ఎందుకంటే ఆ లెక్కలో చల్లటి రోజులూ కలిసి ఉంటాయి. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 18లో పెట్టి దుప్పటి కప్పుకునేకంటే 26లో పెట్టి ఫ్యాన్ తిప్పుకోవడం మేలు.

అయినా మీవారి అనుమానం తీరాలంటే మీటరును ఇంట్లోనే పరీక్షించవచ్చు. అరగంట పని.

ముందు మీటరు ముఖం మీద "3200 ఇంపల్స్ పర్ కేడబ్ల్యూహెచ్" లాంటి అంకె వెతకండి. కొన్ని మీటర్లకు 1600, కొన్నిటికి 6400 ఉంటుంది. ఎర్ర లైటు అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అయినట్టు. ఇప్పుడు కింద, పైన అన్ని స్విచ్చులూ ఆపండి. ఫ్రిజ్, సెట్‌టాప్ బాక్సు, వైఫై, ఇన్వర్టర్ బ్యాటరీ ప్లగ్గులు కూడా తీసేయండి. మెయిన్ మాత్రం ఆన్‌లోనే ఉంచి మీటరు దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. తొందరపడొద్దు. 10 వాట్ల చిన్న లోడు ఉంటే 3200 మీటరులో లైటు రెండు నిమిషాలకోసారి మాత్రమే మెరుస్తుంది. ఒక్కసారీ మెరవకపోతే ఇంట్లో దొంగ లోడు లేదు. మెరిస్తే మెయిన్ కూడా ఆపి చూడండి. మెయిన్ ఆపాక ఆగిపోతే ఇంటి వైరింగ్‌లో లీకేజీ గానీ, మరిచిపోయిన సామాను గానీ ఉంది. మెయిన్ ఆపినా మెరుస్తుంటే మీటరుకూ మెయిన్‌కూ మధ్య ఎవరిదో వైరు తగిలించి ఉండవచ్చు, లేదా మీటరులోనే దోషం ఉండవచ్చు.

తరువాత తెలిసిన లోడు పెట్టి చూడాలి. ఇస్త్రీపెట్టె వద్దు, థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపేస్తుంది. 1500 వాట్ల నీళ్ల హీటరు రాడ్డు సరైనది. బకెట్ నీళ్లలో రాడ్డు ముంచాకే స్విచ్ వేయండి, వేశాక నీళ్లను గానీ బకెట్‌ను గానీ ముట్టుకోవద్దు. 3200 మీటరులో నిమిషానికి 80 మెరుపులు రావాలి. 70 వచ్చాయా, మీటరు నెమ్మదిగా తిరుగుతోందని సంబరపడకండి. రాడ్డు మీద రాసిన 1500 వాట్లు 230 వోల్టులకు. సాయంత్రాలు వోల్టేజీ 215కు పడితే అది 1,310 వాట్లే తీసుకుంటుంది, అప్పుడు 70 రావడమే సరి. వోల్టేజీ ఎంతుందో మీటరు తెర మీదే వరసగా మారే అంకెల్లో కనిపిస్తుంది. దాన్ని చూసి లెక్కవేసుకోండి. వోల్టేజీ మామూలుగా ఉండి కూడా 95, 100 దాటి వస్తే అప్పుడు అనుమానించాలి. ఇంటి మీటర్లు ఒక శాతం తేడాకు లోబడి పనిచేసేలా తయారు చేస్తారు. పరుగెత్తే మీటరు అరుదు. ఆగిపోయే మీటరు, తెర చెడిపోయే మీటరు అంతకంటే చాలా ఎక్కువ.

రెండు పోర్షన్ల ఇళ్లలో మాత్రం నిజంగా జరిగే తప్పు ఒకటుంది: న్యూట్రల్ కలిసిపోవడం. ఇప్పటి సింగిల్ ఫేజ్ మీటర్లు ఫేజ్ తీగలో వెళ్లే కరెంటునూ, న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటునూ రెండింటినీ కొలుస్తాయి. దొంగతనం పట్టుకోవడానికి అలా చేశారు. రెండూ ఒకటి కాకపోతే పెద్దదాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. ఎలక్ట్రీషియన్ ఎప్పుడో తీగ చాలక పక్కింటి న్యూట్రల్‌ను మీ న్యూట్రల్‌కు ముడేశాడనుకోండి. వాళ్ల కరెంటు మీ మీటరు మీదుగా వెనక్కి వెళ్తుంది, బిల్లు మీకు పడుతుంది. మీటరు మీద "ఈఎల్" లేదా ఎర్త్ అని రాసిన లైటు అస్తమానం వెలుగుతుంటే ఇదే కారణం కావచ్చు, లేదా ఎక్కడో ఎర్త్ లీకేజీ ఉండవచ్చు. గీజరు కాయిల్ పగిలినా, బోరు మోటారు కేబుల్ తడిసినా కూడా వెలుగుతుంది. ఒక్కో సామాను ఆపుతూ పోతే లైటు ఎక్కడ ఆరిందో అక్కడే దోషం. లీకేజీ ఉందంటే డబ్బు పోవడమే కాదు, షాక్ కొట్టే ప్రమాదం కూడా. మెయిన్ దగ్గర 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే లీకేజీ వస్తే వెంటనే కరెంటు ఆపేసే స్విచ్, పెట్టించండి.

రీడింగ్‌లో కూడా తప్పు జరగవచ్చు. బిల్లు మీది ప్రస్తుత రీడింగ్‌ను మీటరు తెర మీది కేడబ్ల్యూహెచ్ అంకెతో పోల్చండి. పక్కనే కేవీఏహెచ్ అని ఇంకో అంకె వస్తుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. రెండు రీడింగ్ తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టండి. 34 రోజుల బిల్లును 28 రోజుల బిల్లుతో పోల్చి పెరిగిందనుకోవడం మామూలే. ఎప్పుడూ రోజుకు ఎన్ని యూనిట్లో భాగించి చూడాలి. 428ని 30తో భాగిస్తే రోజుకు 14. తాళం వేసి ఉన్న నెలలో సగటు బిల్లు వేసి, తరువాతి నెల అసలు రీడింగ్ తీసినప్పుడు యూనిట్లన్నీ ఒకేసారి మీద పడ్డాయనిపిస్తే, వాటిని నెలలవారీగా విడగొట్టి స్లాబులు వేయమని సెక్షన్ ఆఫీసులో ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజనీరుకు, అర్జీ పెట్టండి.

మిద్దె మీదకు వేరే మీటరు తీసుకుంటే మీకు లాభమే, ఎంతో అంకెల్లో చూడండి. మేలో పైవాళ్లు 128, మీరు 300 వాడారనుకుందాం. విడివిడిగా అయితే మీకు 1,673.25, వాళ్లకు 435, కలిపి 2,108.25. ఇప్పుడు కట్టిన ఎనర్జీ చార్జీ 2,821.25. తేడా 713 రూపాయలు. మార్చి లాంటి నెలలో మీరు 120, వాళ్లు 94 అయితే తేడా 279. ఎందుకంటే ప్రతి సర్వీసుకూ దాని వంతు చౌక యూనిట్లు, అంటే ఆ మొదటి 30, తరువాతి 45, ఆపైన 50, మళ్లీ కొత్తగా వస్తాయి. పైన 2 కిలోవాట్లు పెడితే ఫిక్స్‌డ్ చార్జీ ఇంకో 20, రెండో కస్టమర్ చార్జీ కొంత. అవి పోయినా మిగులుతుంది.

కానీ ఊరికే ఇవ్వరు. పై పోర్షన్‌కు వేరే దారి, వేరే వంటగది ఉండాలి, వైరింగ్ పూర్తిగా విడిగా ఉండాలి. ఒకే కుటుంబం, ఒకే వంటగది ఉన్న ఇంట్లో స్లాబు తప్పించుకోవడానికి రెండో సర్వీసు తీసుకుంటే తనిఖీలో రెండింటినీ ఒకటిగా కలిపేస్తారు. మీకు అద్దెవాళ్లు వేరే సంసారం కాబట్టి ఆ బాధ లేదు. దరఖాస్తుకు ముందే ఎలక్ట్రీషియన్‌తో పై పోర్షన్ ఫేజ్, న్యూట్రల్ రెండూ కొత్త బోర్డు దాకా విడదీయించండి. న్యూట్రల్ ఒకటే ఉంచేస్తే ఇందాక చెప్పిన తిప్పలన్నీ రెండు మీటర్లకూ వస్తాయి. నీళ్ల మోటారు ఏ మీటరు మీద ఉండాలో ఇప్పుడే తేల్చుకోండి. 1 హెచ్‌పీ మోటారు రోజుకు ముప్పావు గంట తిరిగితే నెలకు దాదాపు 25 యూనిట్లు. ట్యాంకు పొంగిపోతుంటే ఇంకా ఎక్కువ. ఫ్లోట్ స్విచ్ పెట్టించుకుంటే పొంగడం ఆగుతుంది.

మీటరు వచ్చేదాకా అద్దెవాళ్ల దగ్గర ఎంత తీసుకోవాలి? తిరుపతిలో చాలా ఇళ్లలో సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు 10 రూపాయలు అడుగుతారు. అది ఎక్కువ. మే బిల్లులో 128 యూనిట్ల వాటా 915 రూపాయలు, పదేసి లెక్కన అడిగితే 1,280. మార్చిలో 94 యూనిట్ల వాటా 514, పదేసి లెక్కన 940. మొత్తం బిల్లును యూనిట్ల దామాషాలో పంచుకోండి. ఏసీ మీదైనప్పుడు పై స్లాబుల భారంలో పెద్ద వాటా మీరే భరించడం ఇంకా న్యాయం. ఇంకో హెచ్చరిక: తిరుమల భక్తులకు రోజు అద్దెకు గదులు ఇవ్వడం మొదలుపెడితే అది ఇంటి వాడకం కాదు, వాణిజ్య కేటగిరీ. ఇంటి మీటరు మీద నడిపి పట్టుబడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో కట్టాలి.

తగ్గించుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలో స్లాబులే చెబుతున్నాయి. మేలో మీరు మిగిల్చే మొదటి 28 యూనిట్లకు ఒక్కొక్కటి 9.75, తరువాతివాటికి 8.75 మిగులుతుంది. 1.90 రూపాయల యూనిట్లను ఎంత పొదుపు చేసినా అంత రాదు. ఏసీ తరువాత పెద్ద ఖర్చు ఫ్యాన్లది, ఇది చాలామంది నమ్మరు. పాత 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్ రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లది అదే పనికి 14 యూనిట్లలో తిరుగుతుంది. ఎక్కువసేపు తిరిగే నాలుగు ఫ్యాన్లు మారిస్తే 86 యూనిట్లు తగ్గుతాయి. 428 కాస్తా 342 అయితే ఎనర్జీ చార్జీ 2,040.75, అంటే 780 రూపాయలు తక్కువ. పడకగది, హాలు ఫ్యాన్లే మార్చండి, స్టోర్ రూముది మార్చినా ఏమీ ఒరగదు. పాత డబ్బా రెగ్యులేటర్ ఉంటే స్పీడు తగ్గించినా పెద్దగా మిగలదు, మిగిలిన కరెంటు ఆ డబ్బా వేడిలో పోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ ముసలిదైతే నిండినా తాగుతూనే ఉంటుంది, 40 వాట్లు నిరంతరం లాగితే నెలకు 29 యూనిట్లు. సెట్‌టాప్ బాక్సు 10 వాట్లది రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంటే 7 యూనిట్లు.

మిద్దె మీద ఎండ తగిలే చోటు ఉంటే సోలార్ ఆలోచించవచ్చు. పీఎం సూర్యఘర్ కింద కేంద్రం మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000, గరిష్ఠంగా 78,000 సబ్సిడీ ఇస్తుంది. కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు. అది తగ్గించేది కూడా ముందు పై స్లాబులనే. ఏడాదంతా నెలకు 150 యూనిట్ల లోపే వాడే ఇంటికి మాత్రం తొందరేమీ లేదు.

ఏసీ వచ్చింది గనక మీకు ఇంకో రెండు కాగితాలు రావచ్చు. ఒకటి లోడు గురించి. మీటరులో ఎండీ అని వచ్చే అంకె నెలలో మీరు ఒకేసారి లాగిన గరిష్ఠ కిలోవాట్లు. ఏసీ, గీజరు, మోటారు ఒకేసారి నడిపితే అది 3 దాటుతుంది. తరచుగా దాటుతుంటే లోడు పెంచుకోమని నోటీసు వస్తుంది. రెండోది ఏసీడీ, అదనపు డిపాజిట్. నెలనెలా బిల్లు వచ్చే ఇళ్లకు రెండు నెలల సగటు బిల్లంత డిపాజిట్ ఉండాలి. వాడకం పెరిగితే తేడా అడుగుతారు. అది జరిమానా కాదు, మీ పేరు మీదే ఉంటుంది, ఏటా వడ్డీ బిల్లులో జమ అవుతుంది. జమ అయిందో లేదో ఒకసారి చూసుకోండి.

ఇంత చూశాక కూడా అనుమానం మిగిలితే, గడువు తేదీలోగా బిల్లు కట్టి ఆ తరువాత ఫిర్యాదు చేయండి. కట్టకుండా వాదిస్తే అపరాధ రుసుము, ఫ్యూజు తీయడం, మళ్లీ కలపడానికి రుసుము అన్నీ మీద పడతాయి. ముందు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. తరువాత సెక్షన్ ఆఫీసులో మీటరు పరీక్షకు రుసుము కట్టి రసీదు తీసుకోండి. పరీక్షలో మీటరు తప్పని తేలితే బిల్లు సవరిస్తారు. అర్జీతో పాటు రాడ్డు పెట్టినప్పటి మెరుపుల లెక్క, ఆ సమయంలో వోల్టేజీ, ఆరు నెలల రీడింగులు ఒక తెల్లకాగితం మీద రాసి జత చేయండి. ఉత్త "ఎక్కువ వచ్చింది" అన్న అర్జీకంటే దీన్ని త్వరగా చూస్తారు. అక్కడా తేలకపోతే తిరుపతిలోనే సంస్థ కార్పొరేట్ ఆఫీసు దగ్గర వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది. తెల్లకాగితం మీద రాసిచ్చినా తీసుకుంటారు, లాయరు అక్కర్లేదు. దాని తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు.